చెంపకి ఆనిన తుపాకీ

మొన్నొక ఆదివారం మా తమ్ముడి కొడుకు నన్ను తుపాకీలు కాల్చే మైదానానికి తీసుకెళ్ళాడు. వాడికి ఆదిత్యపూర్‌లో బోల్టులు చేసే చిన్న కార్ఖానా ఉంది. చేతిలో కాస్త డబ్బు ఆడగానే మనవాళ్ళకి ఏదో ఒక పాత వస్తువు మీద మోజు పుడుతుంది. వీడికి రెండు గొట్టాల పాత ఇంగ్లీషు తుపాకీ మీద పుట్టింది. నల్లకళ్ళద్దాలు, ఒంటినిండా జేబులున్న కోటు, చెవులకి డిప్పలు. వేషానికి లోటు లేదు. మట్టిబిళ్ళలు గాల్లోకి లేవడం, వీడు ఢాం ఢాం అని పేల్చడం, బిళ్ళలు క్షేమంగా వెళ్ళి గడ్డిలో దిగడం. పాతికలో మూడు పగిలాయి. ఆ మూడూ చప్పుడికి జడుసుకుని పగిలాయని నా అనుమానం.

"కార్తూస్ ఖరాబ్ హై, ఫువా" అన్నాడు, మేనత్తనైన నాతో. నేను తెలుగులో తిడితే వాడు హిందీలో జవాబిస్తాడు. అది మా ఇంటి పద్ధతి.

"తూటాలు బాగానే ఉన్నాయిరా. కర్ర నీకు పొడుగు. ఎత్తినప్పుడల్లా దాని వెనక కొస, ఆ మడమ, వెళ్ళి చంకలో చిక్కుకుంటోంది. మెడ చాపి చెంపని వెతుక్కుంటున్నావు."

"ఆప్‌కో క్యా పతా?" అని నవ్వాడు.

నాకేం తెలుసు! దుకాణంలో తాళ్ళూ మేకులూ అమ్ముకుని బతికిన మనిషిని. కాని తుపాకీ వెనక ఉండే ఆ కర్ర గురించి, ఆ ఒక్క ముక్క గురించి, ఈ మైదానంలో కోట్లు తొడుక్కున్న వాళ్ళందరికంటే నాకు ఎక్కువ తెలుసు. ఎలా తెలిసిందో చెబితే నా పరువే పోతుంది. పోనీ, ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను.

టాటానగర్ స్టేషన్ దగ్గర మాకు దుకాణం ఉండేది. కొబ్బరితాళ్ళు, మేకులు, లాంతర్లు, బెల్లం, కిరసనాయిలు. ఎండాకాలం కిరసనాయిలు వాసన గెలిచేది, చలికాలం ఖర్జూరపు బెల్లం వాసన గెలిచేది. వానాకాలం తడిసిన తాళ్ళ కంపు ఆ రెంటినీ ఓడించేది. మా తాత శ్రీకాకుళం వైపునుంచి కార్ఖానా పనికని వచ్చి, ఆ కొలిమి వేడికి దండం పెట్టి, దుకాణం పెట్టుకున్నాడు. నాకు చదువు అబ్బలేదు. బేరం అబ్బింది. పదిహేనేళ్ళకే నేను గల్లా పక్కన కూర్చుంటే పెద్దపెద్ద వాళ్ళు పక్క దుకాణానికి జరుక్కునేవారు. "ఈ గుంట నోట్లో నోరెట్టకు" అని నాన్న నన్ను చూపించి అందరికీ గర్వంగా చెప్పేవాడు. ఆ మాట నేను కిరీటంలా పెట్టుకు తిరిగేదాన్ని. ఎంత వెర్రిదాన్నో!

నాన్నకి తాత నాటి తుపాకీ లైసెన్సు ఉంది. తుపాకీ మాత్రం ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. ఒక వానాకాలం చివర, ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక పెద్ద బంగళావాళ్ళు సామాను అమ్ముతున్నారని తెలిసి నన్ను వెంటేసుకుని వెళ్ళాడు. బీరువా కొనడానికి వెళ్ళాం. బీరువా పక్కన నూనెగుడ్డలో చుట్టి తుపాకీ ఉంది. పక్కపక్కన రెండు గొట్టాలు, వక్కపలుకు రంగు కర్ర. నాన్న కళ్ళు దాని మీదనుంచి కదల్లేదు. కొనేవాడి కళ్ళు అలా కదలకపోతే అమ్మేవాడికి పండగ. అందుకని నేను ఆయన్ని వెనక్కి లాగి ముందుకొచ్చాను.

సామాను అమ్ముతున్నది ఆ ఇంటి ముసలి వంటవాడు. నేను తుపాకీని తిప్పి వెనకనుంచి చూశాను. గొట్టాలు ఒక దారి, కర్ర ఒక దారి. మడమ వైపు కర్ర కుడికి వాలి ఉంది, నడుం పట్టేసిన మనిషిలా.

"వంకర" అన్నాను.

"వంకర కాదు బిటియా, అలాగే చేయించారు" అన్నాడు వంటవాడు హిందీలో.

"అలాగే చేయించారా? రేపు కుంటికుర్చీ అమ్ముతూ కూడా ఇదే అంటావా?"

నాన్న పక్కనుంచి తాళం వేశాడు. "అవునేటే, బాగా వంకరుంది. వానకి తడిసి మెలితిరిగిపోయినట్టుంది."

వంటవాడు రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ నేను మూయించాను. బీరువా ధరలోనే తుపాకీ వచ్చేసింది. రిక్షాలో వస్తూ నాన్న నా వీపు తట్టి, బిస్టుపూర్ దాకా వెళ్ళి మరీ ఐస్‌క్రీం తినిపించాడు. ఆ ముసలాయన్ని తలుచుకుని దారంతా నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వినవాళ్ళు ఎలా కనబడతారో నాకు తెలుసు.

కాగితాలయ్యాక నాన్న బజారంతా చెప్పేశాడు, పులుల్ని కొట్టిన తుపాకీ అని. ఏ పులి, ఎక్కడ అని అడిగే ధైర్యం నాకు లేదు. ఖర్కాయి నది ఒడ్డున జనం లేని ఇసుకమేట చూసుకుని ఒక ఆదివారం వెళ్ళాం. స్టేషన్లో టీ తాగి పారేసిన మట్టికప్పులు గోనెసంచినిండా ఏరించి తెచ్చాడు, గురికి పనికొస్తాయని. కొత్త కప్పులు కొనడానికి చేతులు రావు మాకు. తెచ్చిన కప్పులు నేను విసిరాను. నాన్న కాల్చాడు.

మొదటి దెబ్బకి ఆయన బొటనవేలు ఆయన ముక్కునే గుద్దింది. రెండో దెబ్బకి పెదవి చిట్లింది. కప్పు మటుకు చెక్కు చెదరలేదు. పదహారు తూటాలు పోయాయి. అమ్మ కట్టిచ్చిన చోడిరొట్టె నాన్న ఒక పక్క దవడతోనే నమిలాడు.

"తూటాల్లో మందు సెమ్మగిల్లిపోయిందే" అన్నాడు.

అదుగో, మొన్న మావాడు అన్నదీ అదే. తాత నుంచి మనవడికి ఇంకేం దక్కకపోయినా ఆ సాకు దక్కింది.

భాలుబాసాలో ఒక ముసలాయన ఉండేవాడు. మా ఊళ్ళ వైపువాడే. కార్ఖానాలో పోత పోసే ముందు చెక్కతో అచ్చులు చేసే పేట్రన్ షాపులో పనిచేసి దిగిపోయాడు. అందరూ పేట్రన్ తాత అనేవారు. కర్ర సంగతి కనుక నాన్న ఆయన దగ్గరికే తీసుకెళ్ళాడు, వంకర సరిచేయించడానికి. ఆయన వాకిట్లో నులకమంచం మీద మురీలలో, అదే మరమరాల్లో, పచ్చిమిరపకాయలు కలుపుకుని తింటున్నాడు. తుపాకీ అందుకుని, మధ్యకి మడిచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనా అని చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత కర్ర వెంట వేలు నడిపించి నాన్న మొహం చూశాడు.

"దీన్ని ఏటి సెయ్యమంటావు బాబూ?"

"వంకర తీసి తిన్నగా సెయ్యి మావా. మా గుంట సూసి పట్టీసింది. అది సూపెట్టే బేరంలో దించీసింది."

ముసలాయన నావైపు తిరిగాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ దురద పెడుతుంది.

"నువ్వేనా? బాగుందమ్మా. పోతపోసిన ఇనుము సల్లారితే కుంచించుకుపోద్ది. అందుకని మేము కర్ర అచ్చుని ఆ మేరకి పెద్దగా సేత్తాం. నీలాటోళ్ళు వచ్చి సూసి, కొలత తప్పీసింది ముసలోడు అంటారు." మురీలు నోట్లో వేసుకుని నమిలాడు. "మనిషి తుపాకీని బుజానికి ఆనిత్తాడా? కన్ను బుజం మీద ఉంటదా? నేదు. మొహం మధ్యకుంటది. అందుకని కర్ర పక్కకి వంగాల, గొట్టం కంటి ముందరికి రావాల. ఇది వంకర కాదే గుంటా. దీన్ని సేయించుకున్న మనిషి మొహం."

నాన్నని నిలబెట్టి భుజానికి పెట్టించాడు. చూసి పకపకా నవ్వాడు.

"నీ బుగ్గ లావు బాబూ. అది కర్ర మీదెక్కి కూకుంది. కన్ను పైకి, ఎడమకి లేచిపోయింది. కన్ను ఎటెల్తే గుండు అటే ఎల్తది. నువ్వు ఎన్ని కప్పులు ఇసిరించినా ఎడంపక్క ఆకాశాన్నే కొడతావు. కర్రా పొట్టే నీకు, అందుకే ముక్కు పగిలింది."

"మరెవరికి సేసేరు మావా దీన్ని?"

ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. తుపాకీ నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకునే భుజానికి ఎత్తి చెంప ఆనించమన్నాడు. ఎత్తాను. చల్లటి కర్ర వచ్చి చెంపకింద ఒదిగింది, ఎవరో అరచెయ్యి పెట్టినట్టు. "కళ్ళు తెరు" అన్నాడు. తెరిచాను. నాలుగడుగుల దూరంలో ఆయన నిలబడి ఉన్నాడు. రెండు గొట్టాల మధ్య పట్టీ మీదుగా, చివరున్న ఇత్తడిపూస మీదుగా, సరిగ్గా ఆయన కుడికన్ను.

"నా కంట్లోకే సూత్తంది" అన్నాడు ముసలాయన, కదలకుండా. "ఎవరో దొరసాని సేయించుకున్న తుపాకీ ఇది. సన్నటి మెడ, పొట్టిచేతులు, బుగ్గలేని మొహం. ఈ గుంట మొహం."

నాన్న మొహం చూడాలి. పులితుపాకీ కాస్తా దొరసాని తుపాకీ అయిపోయింది. బజారుకి తెలిస్తే ఏమవుతుందో ఆ లావు బుగ్గలమీద అంతా కనబడింది. పోనీ కాస్త అతికించి, కాస్త చెక్కి తనకి సరిపోయేలా చెయ్యమన్నాడు. ముసలాయన మురీల గిన్నె చేతిలోకి తీసుకుని, "నా ఉలి దీని మీద ఎట్టను. ఎల్లిరండి" అన్నాడు.

మరుసటి ఆదివారం కప్పులు విసిరింది ముసలాయన, కాల్చింది నేను. నాన్న గోనెసంచి మీద కూర్చున్నాడు. ఏడు కప్పులు ఎగిరాయి. ఆరు పగిలాయి. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు, ప్రతిభ ఆ కర్ర చెక్కినవాడిది. అలా సరిపోయిన తుపాకీ ఎత్తితే గురిపెట్టినట్టు ఉండదు. ఊరికే చూసినట్టు ఉంటుంది. చూసినచోట కప్పు ఉండదు. టీ మరకల మట్టి ఎర్రగా రాలుతుంది, మందు వాసన ముక్కుకి తగులుతుంది.

అంతవరకు నాకు సరిపోయిన వస్తువు లేదు. గౌన్లు అక్కవి, చెప్పులు అన్నవి, స్కూలు పుస్తకాలు ఎవరివో. ఇదొక్కటే నన్ను కొలిచి చేసినట్టు వచ్చింది. అది ఎక్కడో సముద్రాలవతల ఇంకో ఆడమనిషిని కొలిచి చేసింది అనేది నాకు పట్టలేదు.

ఆ నెల్లో నాకు పిచ్చి పట్టింది. దుకాణానికొచ్చే వాళ్ళ మెడలు, బుగ్గలు కొలిచేదాన్ని. గజంబద్ద తీసి భుజానికెత్తి బస్తాల వెనకనుంచి ఒక్కొక్కళ్ళకీ గురిపెట్టేదాన్ని. "మేకులు అడిగితే సంపడానికి వత్తందేటీ గుంట" అని ఒకామె అరిచి వెళ్ళిపోయింది. నాన్న నవ్వాడు గాని, "కప్పుల సంగతి ఎవలికీ సెప్పకే" అని రోజుకోసారి హెచ్చరించేవాడు. కూతురు కొట్టడం మీద సంతోషం, తను కొట్టలేకపోవడం మీద సిగ్గు. ఆయన కడుపులో ఆ రెండూ ఒకే సంచిలో వేసిన రెండు పిల్లులు.

దసరాకి త్రాసు, సుత్తులు, కత్తెరలతో పాటు తుపాకీకి కూడా బొట్లు పెట్టాం. మర్నాడు పొద్దున్నే దుకాణం తీసి సాంబ్రాణి వేశామో లేదో ఒక ఠేకేదారు, అదే కంట్రాక్టరు, వచ్చాడు. ఒడిశా సరిహద్దు వైపు మనవాడే. తెల్లబూట్లు, వేళ్ళకి ఉంగరాలు, నోట్లో పాన్. గోడకి ఆనించిన తుపాకీ చూసి ఆగిపోయాడు.

"సేఠూ, పులితుపాకీ ఇదేనా? ఇచ్చెయ్యి. పెళ్ళిళ్ళ బరాత్‌లో పేల్చడానికి బాగుంటది."

నాన్న నావైపు చెయ్యి చూపించాడు. "బేరం అమ్మితో ఆడుకో."

మా దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. బోణీ వేళ వచ్చినవాడికి 'అమ్మం' అనకూడదు. ఆ మాట నోటివెంట వస్తే ఆ రోజంతా లక్ష్మి గుమ్మం తొక్కదట. అమ్మడం ఇష్టం లేకపోతే ఎవరూ ఇవ్వలేని ధర చెప్పాలి, వాడంతట వాడే తిట్టుకుంటూ పోవాలి. తాత నేర్పింది అదే. నేను నోరు తెరిచి, ఆ డబ్బుకి పాత జీపు వచ్చేంత ధర చెప్పాను.

ఠేకేదారు పాన్ నమలడం ఆపాడు. నేను బెల్లం మీద ఈగలు తోలుకుంటున్నాను.

"దియా" అన్నాడు. ఆ ధర ఇచ్చేశాను పో అని.

ఎవడూ ఇవ్వలేని ధర ఇచ్చేవాడు ఒకడు ఉంటాడని మా తాత చెప్పలేదు. మూర్ఖుడు దాపురించినప్పుడు ఏం చెయ్యాలో ఏ దుకాణంలోనూ నేర్పరు. నాన్న వైపు చూశాను. "మాట పడిపోయింది కదేటే" అన్నాడు ఆయన, మెల్లగా. ఆ గొంతులో బాధ ఉంది. బాధ కింద, కాస్త పైకి తేలుతూ, హాయి కూడా ఉంది. సిగ్గు వదిలిపోతోంది, పైగా లాభంతో.

తుపాకీ చేతులు మారాలంటే కచేరీలో కాగితాలు కావాలి. ఆ కాగితాలకి చలికాలమంతా పట్టింది. ఆ చలికాలమే నాది. ప్రతి ఆదివారం ఖర్కాయి ఒడ్డు, ముసలాయన విసురు, నా చెంపకింద ఆ కర్ర. గుమస్తాకి జబ్బు చెయ్యాలని, ఫైలు ఎలకలు కొట్టెయ్యాలని రోజూ దండం పెట్టుకునేదాన్ని. దేవుడికి నాతో బేరాలు పడలేదు.

ఒకసారి ఠేకేదారు కాగితాల సంగతి కనుక్కోవడానికి వచ్చినప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొనేవాడికి నిజం చెప్పాను.

"బాబూ, అది పులితుపాకీ కాదు. దొరసానిది. కర్ర పొట్టి, పక్కకి వంగుంది. మీరు పేలిస్తే మూతి పగుల్తది. ఒగ్గెయ్యండి."

అతను కన్ను గీటాడు. "సమఝ్ గయా బేటీ. ఇంకెవడో ఎక్కువ ఇత్తానన్నాడు కదూ?" అని, చెప్పినదానిమీద ఇంకొంచెం కలిపి, నాన్న చేతిలో పెట్టాడు. నేను నిజం చెబితే ధర పెరిగింది! అప్పటికి నా నోటికి ఉన్న పేరు అది.

చలి తగ్గుతుండగా కాగితాలు వచ్చాయి. ఠేకేదారు తుపాకీ పట్టుకుపోయాడు. నేను ఏడవలేదు. గల్లా పక్కన కూర్చుని ఒక ముసల్దానితో లాంతరు చిమ్నీ దగ్గర గంటసేపు గీచిగీచి బేరమాడాను.

హోళీకి కాస్త ముందు అతను మళ్ళీ వచ్చాడు. తుపాకీ చంకలో ఉంది. పైపెదవి వంకాయలా వాచి ఉంది, ముక్కుమీద నల్లగా కమిలిన మచ్చ. ఏదో బరాత్‌లో ఆకాశంలోకి పేల్చాడట. ఆకాశాన్ని కూడా తప్పి, పెళ్ళివారి షామియానాకి చిల్లి పెట్టాడు.

"బేకార్ మాల్ అంటగట్టారు సేఠూ" అన్నాడు, వాచిన పెదవితో. "తీసుకో. సగం ఇచ్చెయ్యి సాలు."

సగం! మేము తీసుకున్న డబ్బులో సగానికి తుపాకీ తిరిగి నా ముందుకొచ్చింది. కర్ర మీద పాన్ మరక ఒకటి తప్ప దెబ్బ లేదు. నేను చెయ్యవలసింది అవును అనడం. ఒక్కమాట. బల్లకింద నాన్న నా కాలు తొక్కాడు. తీసుకో అని. ఆయనకి సిగ్గు ఉండనీ, లావు బుగ్గలుండనీ, ఆ క్షణంలో ఆయన తుపాకీ నాకోసమే అడిగాడు. నాకు తెలుసు. తొక్కినప్పుడే తెలుసు.

నా నోరు అప్పటికే తెరుచుకుంది.

"సగమా! వంకర కర్రకి సగమా? మూతి పగలగొట్టే మాలుకి సగం ఎవడిత్తాడు? పావు."

అతను పావుకి, సగానికి మధ్యకొచ్చాడు. నాన్న మళ్ళీ తొక్కాడు, ఈసారి గట్టిగా. నేను పావు దగ్గరే ఉన్నాను. కొనేవాడి కళ్ళు కదలకపోతే అమ్మేవాడికి పండగ అని నేర్చుకున్నదాన్ని కదా, తుపాకీ వైపు ఒక్కసారైనా చూడలేదు. ఠేకేదారు ఇంకాస్త దిగాడు. అక్కడన్నా ఆగొచ్చు. ఆగకుండా ఆ పెదవి చూసి నవ్వాను.

"ముందే సెప్పేను కదేటి బాబూ, మీ మొహానికి సరిపడదని. ఆ మొహంతో బేరానికొచ్చేరా?"

దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. అతని మొహం కందగడ్డ అయింది. లేచాడు.

"నా మొహానికి సరిపడేలాగే సేయించుకుంటాను" అన్నాడు.

రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మంచాలు, బల్లలు చేసే మిస్త్రీ దగ్గరికి పోయాడు. నేను పిలవొచ్చు. పదిహేను అడుగుల రోడ్డు. వెనక్కి పిలిచినవాడు ధర ఓడినట్టు, అది మా లెక్క. వస్తాడులే, తనే వస్తాడులే అని కూర్చున్నాను. రంపం చప్పుడు మొదలైంది. నేను వెళ్ళేసరికి మిస్త్రీ మడమ చదరంగా కోసి, టేకు చెక్క మేకులతో బిగించి, వంగిన పక్కంతా చిత్రిక పడుతున్నాడు. ముదురురంగు చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా అతని కాళ్ళమీద పడుతోంది. కర్ర తిన్నగా అయిపోయింది. ఏ దుకాణంలో పెట్టినా ఎవరూ వంక పెట్టలేనంత తిన్నగా.

పేట్రన్ తాతకి సంగతి తెలిసినరోజు, "ఎంత కాడికి ఒప్పుకున్నాడే ఆకర్న?" అని అడిగాడు. చెప్పాను. "అంతకి కూడా తీసుకోనేదా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన వాకిట్లోకి నేను వెళ్ళలేదు.

నా తర్వాతి బతుకంతా బేరాలే. చాలా గెలిచాను. ఠేకేదారు మూర్ఖుడని, నాన్న డాబుసరి మనిషని, మా మేనల్లుడు వేషగాడని నోటికొచ్చినట్టు అంటుంటాను, నిజమే కనుక. కాని వాళ్ళందరూ మోజుపడ్డది వాళ్ళకి సరిపోని వస్తువు మీద. సరిపోయినదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇంకాస్త దిగమన్నది నేనొక్కదాన్నే.

ఆ రోజు సాయంత్రం దుకాణం తలుపులు వేస్తూ నాన్న అన్నాడు, "బేరం బాగా ఆడేవమ్మీ." మొహం అటు తిప్పుకుని ఉన్నాడు, తాళం పెడుతున్నాడు. అది వెక్కిరింతో, మెచ్చుకోలో అప్పుడు అడగలేదు. ఆయన పోయేదాకా కూడా అడగలేదు. మెచ్చుకోలే అంటాడేమోనని భయం.